ఇంట్లో ఇద్దరు పసివాళ్లు

రెండు నెలల కుక్కపిల్లను ఒళ్లో పడుకోబెట్టుకుని, పై పెదవిని బొటనవేలితో కాస్త ఎత్తి చూడండి. లేత గులాబీ చిగురు మీద బియ్యపు గింజల్లాంటి పళ్లు వరసగా కనిపిస్తాయి. ముందు ఆరు, వాటికి చెరో పక్కన కొద్దిగా వంపు తిరిగిన కోర. ఆ కోర మొన మీద వేలు ఆనిస్తే చాలు, చురుక్కుమంటుంది. మూడో వారంలో మొలవడం మొదలై, రెండు నెలలు వచ్చేసరికి మొత్తం 28 పాలపళ్లూ వచ్చేస్తాయి. మన పిల్లలకు వచ్చేవి 20. దవడకు ఇంకా బలం చేరని వయసు కనుక వాటితో ఎముకలు నమలలేదు గానీ, పలచటి చర్మాన్ని మాత్రం ఇట్టే గీరేయగలదు.

ఇంట్లో పలచటి చర్మం ఎవరిది? నేల మీద కూర్చుని బొమ్మకార్లు తోసుకునే మూడేళ్ల బాబుది, పరికిణీ ఎగరేసుకుంటూ గదులన్నీ చుట్టబెట్టే నాలుగేళ్ల పాపది.

కుక్కపిల్లను తెచ్చిన రోజంతా ఫొటోలు, వీడియోలు, ఏం పేరు పెట్టాలా అని గొడవలు. పది రోజులు తిరిగేసరికి పాప సోఫా మీంచి కాలు కింద పెట్టదు. మంచినీళ్లు కావాలన్నా ‘నాన్నా, ఎత్తుకో’ అంటుంది. గౌను అంచు చిరిగిపోయి ఉంటుంది, పిక్కల మీద ఎర్రటి గీతలుంటాయి. ‘ముందే చెప్పాను, విన్నారా’ అని అమ్మమ్మ సణుగుతుంది. ఇంకో పది రోజులకు ‘ఇది కరిచే రకం’ అన్న తీర్పు వచ్చేస్తుంది. ఆపైన దాని బతుకు డాబా మీద గొలుసుకో, ఊళ్లో చుట్టాల పొలానికో, ఏదీ కుదరకపోతే ఏ రోడ్డు పక్కకో మారిపోతుంది.

ఆ తీర్పు ఇవ్వబోతున్న ఇళ్ల కోసమే ఈ కథనం. ఆ వయసులో కొరకని కుక్కపిల్ల ఉండదు. ఏ జాతిదైనా అంతే. ల్యాబ్రడార్ అయినా, పొమరేనియన్ అయినా, వీధిలోంచి తెచ్చుకున్న నాటు పిల్ల అయినా కొరుకుతుంది. దాన్ని మాన్పించవచ్చు, ఏ దెబ్బా వేయకుండా, ఏ ఖరీదైన సామగ్రీ కొనకుండా. అయితే ఆ భారం కుక్కపిల్ల మీదా వేయకూడదు, పసిపిల్ల మీదా వేయకూడదు. ఇద్దరికీ మధ్యలో కూర్చోవాల్సిన పెద్దవాళ్లది ఆ పని.

నోరే దాని చెయ్యి

కొత్త వస్తువు చేతికందితే ఎనిమిది నెలల బిడ్డ నోట్లో పెట్టుకుంటుంది. కుక్కపిల్లదీ అదే పద్ధతి, పైగా దానికి పట్టుకోవడానికి చేతులు లేవు. చెప్పు మెత్తగా ఉందా, కర్ర గట్టిగా ఉందా, ఆ వేలు కదులుతుందా లేదా, అన్నీ నోటితోనే తెలుసుకుంటుంది. తోబుట్టువులతో ఆటా నోటితోనే. ఒకదాని చెవిని ఇంకొకటి పట్టుకు లాగుతుంది, మీదెక్కి మెడ కొరుకుతుంది. పట్టు మరీ బిగిస్తే అవతలిది కుయ్యిమని అరిచి ఆట వదిలేసి పోతుంది. ఆట ఆగిపోవడం కన్నా కుక్కపిల్లకు పెద్ద నష్టం లేదు. పాలు తాగేటప్పుడు పళ్లు గుచ్చుకుంటే తల్లి విసురుగా లేచి అవతలికి వెళ్లిపోతుంది. రోజూ ఇలా జరగ్గా జరగ్గా, ఎంత బిగిస్తే ఎదుటివాళ్లకు నొప్పి పుడుతుందో దానికి తెలిసొస్తుంది. శిక్షకులు ‘బైట్ ఇన్హిబిషన్’ అనేది దీన్నే, పంటి పట్టు మీద అదుపు.

ఈ చదువు మొదట తల్లి దగ్గర, తోబుట్టువుల మధ్య జరగాలి. కుక్కల పెంపకం, అమ్మకాల మీద కేంద్రం 2017లో తెచ్చిన నిబంధనలు ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని చెబుతున్నాయి. అయినా నెలా పదిరోజుల పిల్లలను అట్టపెట్టెల్లో పెట్టి అమ్మేవాళ్లున్నారు, ఎంత చిన్నదైతే అంత ముద్దొస్తుందని కొనేవాళ్లూ ఉన్నారు. అలా వచ్చిన పిల్లకు పాఠం చెప్పే తోబుట్టువులు ఉండరు. అది మీ పాప చేతి మీద నేర్చుకోవడం మొదలుపెడుతుంది.

అమెరికాలోని బార్ హార్బర్‌లో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి ఐదు జాతుల కుక్కపిల్లలను పెంచి, గమనించి, 1965లో పుస్తకం వేశారు. మూడో వారం నుంచి దాదాపు పన్నెండో వారం దాకా ఉండే కాలం కుక్క స్వభావానికి పునాది అని అందులో చూపించారు. ఆ వారాల్లో ఏ మనుషులతో, ఏ చప్పుళ్లతో కలిసిమెలిసి పెరిగితే వాటికి అది బెదరదు. కొరుకుతోందని దాన్ని సరిగ్గా ఆ వారాల్లోనే తీసుకెళ్లి డాబా మీద కట్టేస్తే, పిల్లలంటే ఏమిటో తెలియని కుక్క తయారవుతుంది. రేపు అదే కుక్క పూర్తి బలంతో, కొత్త పళ్లతో కిందికి దిగుతుంది. పసిపిల్లలున్న ఇంట్లో ఇంతకన్నా ప్రమాదకరమైన ఏర్పాటు నాకు తోచడం లేదు.

స్కాట్, ఫుల్లర్ల మాట ఇళ్లలోకి రావడానికి చాలాకాలం పట్టింది. ఆరు నెలలు దాటాకే శిక్షణ అనేది పాత పద్ధతి. ఇంగ్లండ్‌లో పశువైద్యం చదివి అమెరికాలో స్థిరపడిన ఇయాన్ డన్‌బార్ 1980ల మొదట్లో చిన్న కుక్కపిల్లలకే ప్రత్యేకంగా తరగతులు పెట్టాడు. ఆయన చెప్పిన క్రమం చాలామందికి మొదట వింతగా అనిపిస్తుంది. ముందు గట్టిగా కొరకడం మాన్పించాలి, ఆ తర్వాతే అసలు కొరకడం మాన్పించాలి. ఎంత సాధువైన కుక్కకైనా ఏదో ఒక రోజు తోక తలుపు సందులో నలుగుతుంది, నిద్రలో ఎవరో కాలు తొక్కుతారు. ఉలిక్కిపడి నోరు వేస్తుంది. చిన్నప్పుడు పట్టు అదుపు నేర్చిన కుక్క ఆ క్షణంలో కూడా చర్మం తెగకముందే వదిలేస్తుంది. నేర్వనిది వదలదు.

పసిపిల్లలున్న ఇంట్లో దీనికి ఒక సవరణ కావాలి. ఈ మెత్తదనం పాఠాలన్నీ పెద్దవాళ్ల చేతుల మీదే జరగాలి. పిల్లల చర్మానికి పన్ను తగలడానికి మొదటి రోజు నుంచీ వీల్లేదు.

పట్టీల చప్పుడు

ఇంతమంది పెద్దవాళ్లుండగా అది పిల్లల వెంటే ఎందుకు పడుతుంది? ఒక్కసారి నేల మీద, కుక్కపిల్ల పక్కన, దాని ఎత్తులో తల పెట్టి చూడండి. పెద్దవాళ్లు అక్కడి నుంచి రెండు కాళ్లుగా కనిపిస్తారు. పాప మాత్రం ముఖంతో సహా కనిపిస్తుంది. చేతులు సరిగ్గా నోటి ఎత్తులో ఊగుతుంటాయి. వేళ్లకు పప్పన్నం, నెయ్యి వాసన. పరికిణీ కుచ్చిళ్లు నేల మీద జీరాడుతుంటాయి. అడుగు తీసి అడుగు వేస్తే కాళ్ల పట్టీలు ఘల్లుమంటాయి. గొంతు సన్నం, నవ్వితే కీచుమంటుంది. కుక్కపిల్లకు ఇంతకన్నా గొప్ప ఆటవస్తువు ఇంట్లో లేదు.

కోర తగిలిందనుకోండి. పాప చెయ్యి పైకెత్తుతుంది, ఎత్తిన చెయ్యి కోసం అది గెంతుతుంది. పాప కేక పెడుతుంది, తోబుట్టువు ఆటకు పిలిచినట్టే దానికి వినిపిస్తుంది. పాప పరుగు తీస్తుంది, అది వెంటపడుతుంది. భయపడ్డ పిల్ల చేసే ప్రతి పనీ ‘ఇంకా ఆడు’ అనే చెబుతుంది. ఇద్దరిలో ఎవరికీ అవతలివాళ్ల మాట అర్థం కావడం లేదు.

అందుకే శిక్షణ కన్నా ముందు కొన్ని మార్పులు చేసుకోవాలి. ఓ రెండు మూడు నెలలు పట్టీలు తీసి బీరువాలో పెట్టేయండి. కుక్కపిల్లతో ఉండే వేళల్లో పరికిణీ, చున్నీ, వేలాడే రిబ్బన్లు వద్దు. ప్యాంటు, సాక్సులు వేయండి. అన్నం తిన్న చేతులు కడిగాకే దాని దగ్గరికి పంపండి. బిస్కెట్ ఊపుకుంటూ తిరగడం మాన్పించండి. వంటింటి గుమ్మానికో, పిల్లల గది గుమ్మానికో చిన్న గేటు బిగిస్తే ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు, వాసన తెలుస్తుంది, పళ్లు మాత్రం అందవు. శిక్షణ సామగ్రిలో డబ్బు పెట్టదగ్గది ఏదైనా ఉందంటే నా లెక్కలో ఈ గేటే.

సరమ కొడుకు

తెలుగువాళ్లం ఆదికావ్యంగా చెప్పుకునే నన్నయ భారతంలో కథ మొదలైన కాసేపటికే ఒక కుక్కపిల్ల దెబ్బలు తింటుంది. జనమేజయ మహారాజు యాగం చేస్తున్న చోటికి సరమ అనే దేవలోకపు కుక్క కొడుకు ఆడుకోవడానికి వస్తే, రాజుగారి తమ్ములు ముగ్గురు పట్టుకుని కొడతారు. వాడు ఏడుస్తూ పోయి తల్లికి చెప్పుకుంటాడు. సరమ తిన్నగా నిండు సభకు వచ్చి, నా బిడ్డ ఏ తప్పు చేశాడని కొట్టారని రాజునే నిలదీస్తుంది. ఆడుకోవడానికి వచ్చి తన్నులు తిన్న ఆ పిల్ల నాకు మన ఇళ్లలో తరచూ కనిపిస్తుంది.

కొరికితే ముక్కు మీద చరవమని ఒకరంటారు. పేపరు చుట్టి కొట్టమని ఇంకొకరు. మూతి రెండు చేతులతో బిగించి పట్టమని, వేళ్లు గొంతులోకి తొయ్యమని, వెల్లకిలా పడేసి అదిమిపెట్టమని చెప్పేవాళ్లకు ఫోను తెరిస్తే కొదవలేదు. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పశువైద్యశాలకు ప్రవర్తన సమస్యలున్న కుక్కలను తీసుకొచ్చిన యజమానులను మేఘన్ హెరన్ బృందం అడిగి తెలుసుకున్న సంగతులు 2009లో అచ్చయ్యాయి. కుక్కను కొట్టినవాళ్లు, తన్నినవాళ్లలో నూటికి 43 మంది అది తిరగబడిందని చెప్పారు. వెల్లకిలా పడేసి అదిమినవాళ్లలో నూటికి 31 మందిదీ అదే మాట.

తిరగబడేది కొట్టిన పెద్దమనిషి మీదే అయితే అది వేరే సంగతి. ఇంట్లో పిల్లలున్నప్పుడు లెక్క మారుతుంది. మనిషి చెయ్యి ముఖం వైపు వస్తే దెబ్బ పడుతుందని నేర్చుకున్న కుక్కపిల్లకు, నిమరడానికి వచ్చే పాప చెయ్యి కూడా చెయ్యే. తాతయ్య కొట్టిన దెబ్బకు జవాబు మనవరాలి ముఖం మీద పడవచ్చు. మూడు నాలుగేళ్ల పిల్లల తల, మెడ కుక్క నోటికి దగ్గరగా ఉంటాయి కనుక ఆ వయసులో కాట్లు ఎక్కువగా పడేది అక్కడే.

గుర్రుమన్నందుకు కొట్టడం మరీ పొరపాటు. కుక్క గుర్రుమంటే ‘నాకిది ఇష్టం లేదు, కాస్త ఆగు’ అని అడుగుతోందన్నమాట. అలా అడిగినప్పుడల్లా దెబ్బ పడితే అడగడం మానేస్తుంది. దాని భయం, విసుగు ఎక్కడికీ పోవు, ముందుగా వినిపించే హెచ్చరిక ఒక్కటీ పోతుంది. ‘ఇన్నాళ్లూ ఒక్కసారి కూడా గుర్రుమనలేదండీ, ఉన్నట్టుండి కరిచింది’ అనే ఇళ్లలో చాలాసార్లు జరిగింది ఇదే. మొరిగే కుక్క కరవదనే సామెతను కూడా పిల్లల చెవిన వేయకండి. భయంతో మొరిగేది, వెనక్కి జరిగే చోటు లేకపోతే కరుస్తుంది.

సాయంత్రం ఆరింటికి

హైదరాబాద్‌లో మా అన్నయ్య వాళ్ల ఇంట్లో పది వారాల ల్యాబ్రడార్ ఉంది, పేరు బ్రూనో. మా మేనకోడలికి నాలుగేళ్లు. సాయంత్రాలు వదిన ఇద్దరితోనూ చేసే సాధన చూడదగ్గది.

బ్రూనో మెడపట్టీకి తేలికపాటి తాడు కట్టి, రెండో కొసను డైనింగ్ టేబుల్ కాలికి ముడివేస్తుంది. తాడు పొడవు ఓ నాలుగడుగులు. అది అందని దూరంలో పాప పీట మీద కూర్చుంటుంది. వదిన బ్రూనో పక్కన నేల మీద కూర్చుని చెవుల వెనక నిమురుతుంది. కాసేపటికి అది తల తిప్పి ఆవిడ మణికట్టు నోట్లోకి తీసుకుంటుంది. మెత్తగా పట్టుకున్నంతసేపూ వదిన ఏమీ అనదు. పన్ను దిగిందో, ‘అబ్బా’ అంటుంది, మామూలు గొంతుతోనే. చెయ్యి లాక్కోదు, వడలిపోయినట్టు వదిలేస్తుంది. లాగిన చెయ్యి పారిపోయే ఎలుక కింద లెక్క, అది ఇంకా గట్టిగా పడుతుంది. నోరు సడలగానే లేచి, మాట లేకుండా, దాని వైపు చూడకుండా, తాడు అందని చోటికి రెండడుగులు వేసి నిలబడుతుంది. పాప వేళ్ల మీద ఇరవై లెక్కపెడుతుంది. పధ్నాలుగు తర్వాత పదహారు వస్తుంది ఆమె లెక్కలో, ఫర్వాలేదు.

ఇరవై అయ్యాక వదిన మళ్లీ వచ్చి కూర్చుంటుంది. ఈసారి చేతికన్నా ముందు ముడులు వేసిన నూలు తాడు అందిస్తుంది. బ్రూనో దాన్ని కొరికితే ‘శభాష్, బంగారం’ అని ఆట ఆడిస్తుంది. చెయ్యి కొరికితే మళ్లీ లేచిపోతుంది. నేను చూస్తుండగానే, అంతకుముందు పన్ను దింపిన అదే మణికట్టును అది నోట్లోకి తీసుకోబోయి, ఆగి, నాకి వదిలేసింది. వదిన వెంటనే చిన్న ఉడికించిన కోడి ముక్క నోట్లో పెట్టింది. వారం గడిచేసరికి మెత్తగా పట్టుకున్నా లేచిపోవడం మొదలుపెడుతుంది. చర్మానికి పన్ను ఆనితేనే ఆట బంద్ అన్నది రెండో తరగతి పాఠం.

నొప్పి పుడితే కుక్కపిల్లలా కుయ్యిమని అరవమని కొన్ని చోట్ల చెబుతారు. కొన్ని పిల్లలు ఆ అరుపు విని ఆగుతాయి, కొన్ని రెట్టించిన హుషారుతో మీదపడతాయి. మీది ఏ రకమో రెండుసార్లు చూస్తే తెలిసిపోతుంది. పాప చేత మాత్రం అరిపించకండి.

వీటన్నిటినీ చెడగొట్టేది ఆటలాడించే మగవాళ్లు. అన్నయ్య ఆఫీసు నుంచి వచ్చి సాక్సులు విప్పుతూనే బ్రూనో మూతి పట్టి అటూ ఇటూ ఊపి, వట్టి చేత్తో కుస్తీ పడతాడు. అది గుర్రుమంటూ చెయ్యి కొరుకుతుంటే ఇద్దరికీ సంబరం. ‘మీరు ఇవాళ చేత్తో ఆడించి పడుకుంటారండీ, అది రేపు పాప చేత్తో ఆడుతుంది’ అని వదిన అన్నాక మానేశాడు. తాతయ్య ఒక రకంగా, బాబాయి ఇంకో రకంగా, పనిమనిషి మరో రకంగా ఉండే ఇంట్లో కుక్కపిల్ల ఏమీ నేర్చుకోదు. ఒక్క నియమం ఇంటిల్లిపాదికీ ఉండాలి.

పాప వంతు చివర్లో వస్తుంది. బ్రూనో తాడుకే ఉంటుంది. పాప నిలబడి ‘కూర్చో’ అంటుంది. అది కూర్చోగానే వదిన చేతిలోని ముక్కను నేల మీద దాని ముందు వేస్తుంది. పాప చేత్తో నోటికి అందించదు, వేళ్లు పళ్ల దగ్గరికి పోకూడదు. ‘అత్తా, నేను చెప్తే కూర్చుంది’ అని పాప నా వైపు తిరిగి అంటుంటే, పది రోజుల కిందట సోఫా దిగని పిల్ల ఈమేనా అనిపించింది. పిల్ల మాట వింటే తినడానికి దొరుకుతుందని కుక్కపిల్లకు, తన మాట చెల్లుతుందని పిల్లకు తెలియడం ఒకేసారి జరుగుతుంది. ఐదు నిమిషాలు దాటనివ్వదు వదిన.

ఏడింటికి బ్రూనోకు పూనకం వస్తుంది. కుర్చీల కింద నుంచి దూసుకుపోవడం, కర్టెన్లు లాగడం, అడ్డొచ్చిన కాలల్లా కొరకడం. చూసేవాళ్లకు ఒంట్లో శక్తి ఎక్కువైందనిపిస్తుంది, ఇంకాస్త ఆడిస్తే అలసిపోతుందనుకుంటారు. నిజానికి అప్పటికే అలసిపోయి ఉంటుంది. ఆ వయసు పిల్లకు రోజులో 18 గంటలకు పైగా నిద్ర కావాలి. పిల్లలున్న ఇంట్లో ఎవరో ఒకరు లేపుతూనే ఉంటారు. నిద్ర చాలని కుక్కపిల్ల నిద్ర చాలని బిడ్డలాగే పేచీ పెడుతుంది, కాకపోతే పళ్లతో. వదిన దాన్ని తీసుకెళ్లి మూలనున్న కంచె లాంటి ప్లేపెన్‌లో పెట్టి, లైటు ఆర్పేస్తుంది. తెల్లారి నుంచి ఎన్నిసార్లు పడుకుందో లెక్క చూసుకోవడం చాలా ఇళ్లలో సగం సమస్యను తీరుస్తుంది.

నాలుగో నెల వచ్చేసరికి పాలపళ్లు ఊడడం మొదలవుతుంది. ఆరేడు నెలలకు 42 శాశ్వత దంతాలు వచ్చేస్తాయి. ఈ మధ్యకాలంలో చిగుళ్లు సలుపుతాయి కనుక తగ్గిన కొరుకుడు మళ్లీ పెరిగినట్టుంటుంది. చల్లటి క్యారెట్ ఇవ్వండి. లోపల బోలుగా ఉండే రబ్బరు బొమ్మలో ఉప్పు వేయని పెరుగన్నం కూరి ఫ్రీజర్‌లో పెట్టి ఇస్తే అరగంట దాని ధ్యాసలో అది ఉంటుంది. ఉడికిన కోడి ఎముకలు మాత్రం వద్దు, పేళ్లుగా విరిగి పేగుల్లో గుచ్చుకుంటాయి.

స్టాచ్యూ!

మన బడిపిల్లలందరికీ వచ్చిన ఆటే ఇది. ఎవరైనా ‘స్టాచ్యూ’ అంటే ఉన్నచోటనే బిగుసుకుపోవాలి. కుక్కపిల్ల మీదికొచ్చినప్పుడు పిల్లలు చేయాల్సింది అచ్చంగా అదే. కదలకుండా నిలబడాలి, చేతులు ఛాతీ మీద కట్టుకోవాలి, కాలివేళ్ల వైపు చూడాలి, అరవకూడదు. కదలని వస్తువు మీద కుక్కపిల్లకు మోజు త్వరగా తీరిపోతుంది. దీన్ని కుక్కపిల్ల లేనప్పుడు, ఇంట్లో అందరూ కలిసి, నవ్వుతూ ఆడి నేర్పాలి. తర్వాత అది తాడుకు ఉన్నప్పుడు. భయం పుట్టిన క్షణంలో చెబితే ఏ పిల్లా వినలేదు, ముందే ఒంటికి పట్టి ఉండాలి. పడిపోతే బంతిలా ముడుచుకుని, చెవులు మూసుకుని ఉండడం కూడా ఈ ఆటలోనే నేర్పవచ్చు.

కొన్ని వేళల్లో కుక్కపిల్ల జోలికే పోకూడదు. తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు, ఏదైనా నములుతున్నప్పుడు, మంచం కిందో బల్ల కిందో దూరినప్పుడు. ఇలానా రైస్నర్ అనే పశువైద్యురాలు, ఆమె సహచరులు పిల్లలను కరిచిన కుక్కల కేసులను పరిశీలించి 2007లో రాసిన దాంట్లో, ఇంట్లో పిల్లలను కరిచిన సందర్భాల్లో ముందు వరసలో ఉన్నది తిండి, వస్తువుల కాపలా. గిన్నె ముందు ఉన్న కుక్కపిల్లను ‘అలవాటు చేయడానికి’ చెయ్యి పెట్టి కెలకడం తప్పు. దగ్గరికి వెళ్లినప్పుడల్లా పెద్దవాళ్లే గిన్నెలో ఇంకో మంచి ముక్క వేసి వచ్చేయాలి. మనిషి వస్తే పోయేది ఏమీ లేదని దానికి తెలియాలి.

కౌగిలింతల సంగతి చెబితే పిల్లల కన్నా పెద్దవాళ్లకే బాధ కలుగుతుంది, ఫొటోకు బాగుంటుంది కనుక. మెడ చుట్టూ చేతులు వేసి బిగించడం చాలా కుక్కలకు ఊపిరాడని వ్యవహారం. ముఖం పక్కకు తిప్పుకోవడం, పెదాలు నాకడం, నిద్ర రాకుండానే ఆవలించడం, కళ్లలో తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడడం, ఒళ్లంతా బిగుసుకోవడం. ఇవన్నీ అది పెట్టే విన్నపాలు. పిల్లలు వీటిని చదవలేరు. ఇంగ్లండ్‌లోని లింకన్ విశ్వవిద్యాలయంలో కెర్స్టిన్ మెయింట్స్ చేసిన అధ్యయనాల్లో, పళ్లు బయటపెట్టి కోపంగా ఉన్న కుక్క ముఖాన్ని చూసి నవ్వుతోందని చెప్పిన చిన్నపిల్లలు ఎందరో ఉన్నారు. అంటే కరవబోయే కుక్కకు ముద్దు పెట్టడానికి ముఖం దగ్గర పెడతారన్నమాట.

కాబట్టి చూడాల్సింది పెద్దవాళ్లు. పాకే బిడ్డ, అడుగులు వేసే బిడ్డ ఉన్నచోట అయితే కుక్కపిల్ల గేటుకు అవతలో, తాడుకో, ప్లేపెన్‌లోనో ఉండాలి. లేదా ఒక పెద్దమనిషి ఇద్దరికీ మధ్య, చెయ్యి చాస్తే అందే దూరంలో కూర్చోవాలి. ఫోను చూస్తూ అదే గదిలో ఉండడం లెక్కలోకి రాదు. ‘పక్కనే ఉన్నానండీ, కళ్లముందే జరిగిపోయింది’ అనే మాట వెనక చాలాసార్లు ఆ ఫోనే ఉంటుంది.

గాటు పడితే

మన దగ్గర భయం ఊరికే రాలేదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు వీధికుక్కల దాడిలో చనిపోయాక, కుక్క అన్న మాట వింటేనే గుండె జారే తల్లిదండ్రులున్నారు. ఆ భయాన్ని తీసిపారేసే హక్కు ఎవరికీ లేదు. ఇంట్లో కుక్కపిల్ల పాలపంటి గీత దానికి సమానం కాదు. రేబిస్ విషయంలో మాత్రం ఆ గీతను కూడా తేలిగ్గా తీసుకోవద్దు.

చర్మం మీద గీత పడినా, రక్తం చుక్క కనిపించినా మొదట చేయాల్సింది కుళాయి కిందికి తీసుకెళ్లడం. ధారగా పడే నీళ్లతో, సబ్బుతో, గడియారం చూసి 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం, కాఫీ పొడి ఏదీ పెట్టకూడదు, కట్టు బిగించకూడదు. అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ‘మన ఇంటి పిల్లే కదా, మూడు నెలలైనా లేదు’ అనుకుని ఆగకండి. రేబిస్ టీకా కుక్కపిల్లకు వేసేదే మూడు నెలల వయసులో. అప్పటిదాకా దానికి రక్షణ లేదు. తల్లి ఎక్కడిదో, ఏ వీధి కుక్క దాన్ని కరిచిందో మనకు తెలియదు. టీకా కావాలా వద్దా, గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ వేయాలా అన్నది గాయాన్ని చూసిన డాక్టర్ తేలుస్తారు. వేయాల్సి వస్తే మొదటి రోజు, ఆ తర్వాత మూడు, ఏడు, ఇరవై ఎనిమిదో రోజుల్లో చర్మంలోకి వేసే పద్ధతి మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో నడుస్తోంది. కండకు వేస్తే పధ్నాలుగో రోజున ఇంకొకటి కలుస్తుంది. బొడ్డు చుట్టూ పధ్నాలుగు సూదులన్న పాత భయంతో ఇప్పటికీ కాటును దాచే పెద్దవాళ్లున్నారు. గొర్రె మెదడు నుంచి తీసే ఆ పాత మందును మన దేశంలో 2004లోనే ఆపేశారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం, రేబిస్ అనుమానమున్న జంతువుల కాటుకు గురయ్యేవారిలో నూటికి 40 మంది 15 ఏళ్ల లోపువాళ్లే. కొడతారనో, కుక్కపిల్లను పంపించేస్తారనో పిల్లలు గీతను దాచిపెడతారు. చెబితే ఎవరూ తిట్టరు, బ్రూనోను ఎక్కడికీ పంపరు అని ముందే మాట ఇచ్చి ఉంచడం కూడా ఇంటి నియమాల్లో ఒకటి కావాలి.

కుక్కపిల్ల వైపు నుంచి, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలయ్యే పార్వో, డిస్టెంపర్ టీకాలు, మూడు నెలలకు రేబిస్ టీకా, ఆపైన పశువైద్యులు చెప్పిన వేళకు బూస్టర్లు. నులిపురుగుల మందు మరచిపోకూడదు. దాని కడుపులోని ఏలికపాములు, చెయ్యి నోట్లో పెట్టుకునే పిల్లలకు అంటుకోగలవు.

ఆట కొరుకుడులో ఒళ్లు వదులుగా ఉంటుంది, తోక వెనకభాగమంతా ఊపేస్తుంది, మధ్యమధ్యలో ముందుకాళ్లు వంచి ఆటకు పిలుస్తుంది. అలా కాక, ఒళ్లు కర్రలా బిగుసుకుపోయి, చూపు ఒకచోటే నిలిచి, గిన్నె దగ్గరో పడక దగ్గరో పాపను చూసి గుర్రుమంటుంటే, ముట్టుకోగానే విరుచుకుపడుతుంటే ఈ కథనంతో సరిపెట్టుకోకండి. ఎక్కడైనా నొప్పి ఉందేమో ముందు పశువైద్యుల చేత పరీక్ష చేయించండి. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల దగ్గర అడగవచ్చు. కొట్టకుండా నేర్పే శిక్షకులను వాళ్లనే చెప్పమనండి. గొలుసు విదిలింపులు, ముళ్ల పట్టీలు చూపించేవాళ్ల దగ్గర మాత్రం ఒక్క పూట కూడా వదలకండి. ఆరేడు నెలలు దాటి కొత్త పళ్లన్నీ వచ్చాక కూడా చర్మం తెగేలా కొరుకుతుంటే పళ్ల వయసు మీద నెపం వేయడానికి వీల్లేదు.

ఇంకా తెచ్చుకోని వాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: రెండేళ్ల లోపు బిడ్డ ఉన్నాడు, ఇప్పుడు కుక్కపిల్లను తేవచ్చా అని. ఇంట్లో పగలంతా ఒక పెద్దమనిషి చేతులు ఖాళీగా ఉంటాయంటే తేవచ్చు. ఉద్యోగాలు, బిడ్డ జాగరణలు, వంట అన్నీ ఇద్దరి మీదే ఉంటే ఇంకో రెండేళ్లు ఆగడం మంచిదని నేను చెబుతాను. అప్పటికీ మనసు ఆగకపోతే, మూడు నాలుగేళ్ల వయసున్న, పిల్లల మధ్య మసలిన కుక్కను దత్తత తీసుకోండి. నాటు కుక్కయినా సరే. అమ్మానాన్నలు ముందు రెండు మూడుసార్లు వెళ్లి, బిడ్డను కూడా తీసుకెళ్లి, అది బిడ్డను చూసి దగ్గరికి వస్తోందా, పక్కకు తొలగుతోందా చూసుకోండి. పక్కకు తొలగేదాన్ని, ఎంత నచ్చినా, అక్కడే వదిలి రండి.